పదకొండో నిబంధన

మా వీధి సంఘానికి బైలాస్ రాసే పని నా నెత్తిన పడింది. ఆశ్చర్యమేం లేదు. అనకాపల్లిలో ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. "మీ చెయ్యి తిరిగిన చెయ్యి భాయ్, మీరే రాసిపెట్టండి" అన్నారు మాష్టారు. మాష్టారంటే మా వీధి చివర మేడింట్లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆయన మాటకి వీధిలో ఎవరూ ఎదురు చెప్పరు, వాళ్ళావిడ తప్ప.

రాయడానికి కూర్చుంటే నవ్వొచ్చింది. చందా, వసూలు, జమా, ఖర్చు, రశీదు, బాకీ, హాజరు, తనిఖీ, మంజూరు, దాఖలు, ఫిర్యాదు, తకరారు, రాజీ. చివరికి హక్కు కూడా. బైలాస్‌లో పనికొచ్చే మాటల్లో సగం మా అమ్మీ మాట్లాడే జబాన్‌లో ఉన్నవే. ఎప్పుడో కచేరీల గుమ్మాల్లోంచి తెలుగులోకొచ్చి ఇక్కడే కాపురం పెట్టేశాయి. మీదే ఊరని వాటినిప్పుడు ఎవరూ అడగరు. మా వీధిలో సాయిబుల ఇల్లు మాదొక్కటే. ఆ మాటలన్నీ వరసగా చూసుకుంటే ఎందుకో ధైర్యంగా అనిపించింది.

అసలు సంఘం ఎందుకని మీరడగొచ్చు. మాకు సంఘం లేకపోతే ఏమవుతుందో హుద్‌హుద్ చూపించింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ పక్షి పేరు ఖురాన్‌లో సులైమాన్ అలైహిస్సలాం కిస్సాలో వస్తుంది, కబురు మోసుకొచ్చే పిట్ట. తుఫానుకి ఆ పేరు ఒమాన్ వాళ్ళిచ్చారట. మా వీధికి మాత్రం కబురేమీ తేలేదు, ఉన్న కరెంటు పట్టుకుపోయింది. రోజుల తరబడి బోరు మోటార్లు ఆగిపోయాయి. ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. అప్పటికి ఏడాది ముందే, 2013లో, మా మున్సిపాలిటీని గ్రేటర్ విశాఖలో కలిపేశారు. ఆ కార్పొరేషన్‌కి చూస్తే 2012 నుంచి పాలకవర్గమే లేదు. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021లో. అన్నేళ్ళూ మాకు కార్పొరేటర్ అనే మనిషే లేడు. కాలవ పొంగినా, దీపం వెలగకపోయినా ఎవరి గుమ్మం ముందు నిలబడాలో మాకు తెలీలేదు.

అప్పుడు మేమే ఒక జనరేటర్ అద్దెకి తెచ్చుకున్నాం. ఇంటికి అయిదొందలు. వీధిలో ఒకాయన వసూలు చేశారు, ఆయనే డీజిలు కొనుక్కొచ్చారు, ఆయనే రాత్రుళ్ళు కాపలా కూర్చున్నారు. ఒక్కో ఇంటి మోటారుకి పావుగంట. పిల్లలు బకెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మా వంటింట్లో ఆ వారం ఎవరెవరి పిల్లలు తిన్నారో లెక్కలేదు. నిజం చెప్పొద్దూ, అంత కలిసికట్టుగా ఆ వీధిని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

కరెంటొచ్చింది. డబ్బులేమైనా మిగిలాయా అని ఎవరో అన్నారు. "డీజిలుకే చాల్లేదండీ" అన్నారాయన. ఎంతైంది అంటే చెప్పలేకపోయారు. ఎక్కడా రాయలేదు. ఎవరూ తిట్టుకోలేదు, గొడవ పడలేదు. సలాం, నమస్కారం తగ్గాయంతే. ఆయన పైసా తినలేదని నాకు యకీన్. కానీ నా యకీన్ ఆయన్ని కాపాడలేదు. రెండేళ్ళకి ఆయన ఇల్లమ్ముకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ అమ్మకం దస్తావేజు నేనే రాశాను. సంతకం పెడుతూ, "నేను రాసుకోవలసింది భాయ్" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

మా అబ్బా మసీదు కమిటీకి ఖజాంచీగా ఉండేవారు. ఆయన దగ్గరొక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. చాప కొన్నా, మోజన్ సాబ్‌కి నెల జీతమిచ్చినా, మీనారు దీపం మార్చినా అందులో ఎక్కేది. నెలకోసారి జుమ్మా నమాజు అయ్యాక లేచి నిలబడి చదివేవారు. సగం మంది చెప్పులేసుకుంటూ ఉండేవారు, ఎవరూ వినేవారు కాదు. "వినని వాళ్ళకెందుకు అబ్బా?" అని అడిగాను చిన్నప్పుడు. "ఇది అమానత్ బేటా. వాళ్ళు వినకపోవడం వాళ్ళిష్టం, చదవడం నా ఫర్జ్" అన్నారు. వక్ఫ్ మసీదుల లెక్కలు ఏటా వక్ఫ్ బోర్డుకి దాఖలు చెయ్యాలని చట్టమే ఉంది. చట్టం ఉన్నచోటల్లా లెక్కలున్నాయా అంటే, ఆ మాట మనవాళ్ళు ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి.

అందుకని బైలాస్‌లో నేను మొదట రాసింది పేరు, ఆశయాలు కాదు. హిసాబ్. ప్రతి నెలా అయిదో తారీఖులోపు జమా ఖర్చులు వీధి మొదట్లో ఉన్న బోర్డు మీద రాయాలి. రశీదు లేని ఖర్చు ఖర్చు కాదు. ఏడాదికోసారి లెక్కలు తనిఖీ చెయ్యడానికి కమిటీలో లేని రెండిళ్ళని చీటీ తీసి ఎంచుకోవాలి.

ఆ చీటీల ఆలోచన మాష్టారిది. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో గుడి గోడ మీద పదో శతాబ్దపు శాసనం ఒకటుంది, పరాంతక చోళుడి కాలానిది. ఊరిని 30 వార్డులు చేసి, అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లాడి చేత తీయించేవారు. ముప్పై అయిదేళ్ళు నిండాలి, డెబ్భై దాటకూడదు. అన్నిటికన్నా నాకు నచ్చింది వేరే. ఇంతకు ముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడికి మళ్ళీ అర్హత లేదు, వాడి చుట్టాలకీ లేదు! వెయ్యేళ్ళ క్రితమే వాళ్ళకి బావమరుదుల సంగతి తెలుసన్నమాట. భూమీ సొంత ఇల్లూ లేనివాడి పేరు మాత్రం ఆ కుండలోకి వెళ్ళదు. ఆ ముక్క దగ్గర మాష్టారు గొంతు తగ్గించి చదివారు.

రిజిస్ట్రేషన్ గురించి తొందరగా చెప్పేస్తాను. మన రాష్ట్రంలో దీనికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతానికి 1860 నాటి చట్టం, తెలంగాణకి నిజాం జమానాలో వచ్చిన 1350 ఫసలీ చట్టం ఉండేవి. రెండింటినీ తీసేసి ఒకటి చేశారు. ఏడుగురు చాలు. ఆశయాల పత్రం, బైలాస్, కమిటీ వివరాలు, సాక్షుల సంతకాలు. ఏటా కమిటీ పేర్ల జాబితా రిజిస్ట్రారుకి దాఖలు చెయ్యాలి. సభ్యుల మధ్య తకరారొస్తే మధ్యవర్తి దగ్గరికైనా వెళ్ళాలి, లేదా జిల్లా కోర్టు మెట్లెక్కాలి. అపార్ట్‌మెంట్ల వాళ్ళకి 1987 నాటి చట్టం వేరే ఉంది, వాళ్ళకి లిఫ్టూ మెట్లూ డాబా అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి సంఘం తప్పదు. మాలాంటి విడి ఇళ్ళ వీధికి ఆ బలవంతం లేదు. ఇష్టముండి కట్టుకుంటేనే సంఘం. అందుకే నిబంధనల మీద అంత పట్టింపు.

మీటింగులు మాష్టారింటి డాబా మీద, ఆదివారం అసర్ నమాజు తర్వాత. నా కోసం ఆ వేళ పెట్టారని చాలా రోజుల దాకా నాకు తెలీదు. ముప్పై ఒక్క ఇళ్ళకి ఇరవై ఇళ్ళ వాళ్ళొస్తే గొప్ప.

ఓటు ఎవరిదన్న దగ్గరే రెండు ఆదివారాలు పట్టింది. ఇల్లున్నవాడిదా, ఇంట్లో ఉన్నవాడిదా? అయిదిళ్ళ యజమానులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. కాలవ పొంగితే తడిసేది అద్దెకున్నవాళ్ళు. "పన్ను కట్టేది మేమండీ" అన్నారు బెల్లం షావుకారు. ఆయన మాట కొట్టిపారెయ్యలేం, వీధిలో రెండిళ్ళు ఆయనవే. ఇంటికొక ఓటు, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళదే, అప్పు తేవడంలాంటి పెద్ద విషయాలకి మాత్రం యజమాని ఓటు అని తేల్చాం.

వినాయక చవితి చందా సంగతి మాష్టారే ఎత్తారు. సంఘం డబ్బు ఏ పండగకీ ఖర్చు పెట్టకూడదు, పండగ చందాలకి వేరే రశీదు పుస్తకం ఉండాలి అన్నారు. షావుకారికి మనసొప్పలేదు. "దేవుడికి రూపాయివ్వని సంఘం ఏం సంఘమండీ?"

"దేవుడికి మనం విడిగా ఇద్దాం బాబూ. కాలవ పూడిక డబ్బులు దేవుడికెందుకు?"

నేను తలొంచుకుని రాసుకున్నాను. ఏటా చవితికి నేనూ చందా ఇస్తాను, మా ఇంటికి పులిహోర వస్తుంది, రంజాన్‌కి మా షీర్ ఖుర్మా వెళ్తుంది. అది ముహబ్బత్‌తో జరిగేది. రశీదు చించి చేతిలో పెట్టి అడిగితే అది ఇంకోటవుతుంది. ఆ మాట నేను అనాల్సిన అవసరం లేకుండా చేసినందుకు మాష్టారికి మనసులోనే షుక్రియా చెప్పుకున్నాను. నేను నోరు విప్పలేదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

పదకొండో నిబంధన గార్డు గారు అడిగింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన పక్కింటి మేడ మీద పోర్షన్‌లో ఎనిమిది మంది కుర్రాళ్ళు ఉంటారు, కొందరు ఒడిషా, కొందరు శ్రీకాకుళం. అచ్యుతాపురం సెజ్‌లో, పరవాడ ఫార్మాలో షిఫ్టులు. రాత్రి పన్నెండింటికి ఇద్దరు, రెండింటికి ముగ్గురు, బండ్ల చప్పుడు. 2022 ఏప్రిల్‌లో మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక అద్దెలు కూడా బాగా పెరిగాయి. పోర్షన్ కుటుంబానికిస్తే వచ్చేదానికన్నా తలకింతని కుర్రాళ్ళకిస్తే ఎక్కువ. "ఇలగైతే ఎలగండీ? ఇల్లు అద్దెకివ్వాలంటే ముందు కమిటీ పర్మిషన్ తీసుకోవాలని రాయండి" అన్నారు గార్డు గారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

రాత్రి ఇంట్లో కూర్చుని దాన్ని చక్కగా, దస్తావేజు భాషలో రాశాను. "ఇంటి యజమాని తన ఇంటిని అద్దెకిచ్చుటకు ముందు సంఘం కమిటీ లిఖితపూర్వక అనుమతి పొందవలెను. వీధి మర్యాదకు, అలవాట్లకు తగిన కుటుంబాలకు మాత్రమే అనుమతి ఇవ్వబడును." మర్యాద, అలవాట్లు అన్న మాటలు గార్డు గారు అన్నవి కావు. నా కలంలోంచి వచ్చినవి. ఎక్కడ విన్నానో అప్పటికి గుర్తు రాలేదు.

అమ్మీకి తెలుగు చదవడం రాదు, వింటే అంతా అర్థమవుతుంది. అన్నం తింటుంటే పైకి చదివి వినిపించాను, కొంచెం గొప్పగానే. ఆమె రొట్టె ముక్క తుంచుతూ, "హమ్ ఆయే సో టైం పే యే కాగజ్ రహతా తో?" అంది. మనం వచ్చిన రోజుల్లో ఈ కాగితం ఉండుంటే?

మేం వచ్చిన రోజులు. నా నికా అయిన కొత్త. టులెట్ బోర్డులు చూసుకుంటూ మూడు వారాలు తిరిగాం. "పేరేటి?" అని అడిగేవారు. పేరు చెప్పగానే ఊళ్ళోంచి కూతురు వచ్చేస్తూ ఉండేది, లేకపోతే ఇంటికి సున్నాలు వెయ్యాల్సి ఉండేది. వారం తర్వాత చూస్తే కూతురూ రాలేదు, సున్నమూ పడలేదు, బోర్డు అలాగే వేలాడుతోంది. ఒకాయన మర్యాదగా, "మీ అలవాట్లు వేరు కదండీ, నీసు వాసన మాకు పడదు" అన్నాడు. ఆ ఇంటి డాబా మీద ఎండు చేపలు ఆరేసి ఉన్నాయి. అమ్మీ బయటికొచ్చేదాకా ఆపుకుని వీధిలో పడీ పడీ నవ్వింది. ఇంటికొచ్చాక ఏడ్చింది.

అలవాట్లన్న మాట నాకు అక్కడ దొరికిందన్నమాట.

ఈ వీధిలో మాకు ఇల్లిచ్చింది ఒక ముసలమ్మ, బెల్లం వ్యాపారం చేసిన కుటుంబం వాళ్ళది. ఇప్పుడు లేదు. ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. "కుళాయి తెల్లారగట్ట వస్తది. అప్పటికి లెగుస్తారా?" ఫజర్‌కి లేచేవాళ్ళం, ఆ పాటికి సగం పనైపోతుందంది అమ్మీ. "అయితే సరే, రండి" అంది. అంతే మా ఇంటర్వ్యూ. ఆ రోజు ఆమె చేతిలో నేను రాసిన పదకొండో నిబంధన ఉండుంటే, ఆ ముసలమ్మ మా కోసం కమిటీ ముందు నిలబడి అర్జీ పెట్టుకునేదా? ఎందుకు పెట్టుకుంటుంది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చట్టం ఒప్పుకోదులే, ఎవరైనా కోర్టుకి వెళ్తే కొట్టేస్తారులే అని సర్దిచెప్పుకోబోయాను. కానీ నేను దస్తావేజులు రాసేవాణ్ణి, కొంచెం తెలుసు. గుజరాత్‌లో పార్శీల హౌసింగ్ సొసైటీ ఒకటుంది. దాని బైలాస్‌లో సభ్యత్వం పార్శీలకే అని ఉంది. ఒక సభ్యుడు పార్శీ కాని వాళ్ళకి అమ్మబోతే సంఘం అడ్డుపడింది. 2005లో సుప్రీంకోర్టు సంఘం వైపే చెప్పింది. ఇష్టపడి చేరిన సంఘంలో, ఒప్పుకుని సంతకం పెట్టిన నిబంధన కట్టుబాటే అంది. పార్శీలు చాలా చిన్న ఖౌమ్, వాళ్ళ భయం నాకర్థమవుతుంది. అది సహకార సంఘం, మాది మామూలు సొసైటీ, ఆ తేడా కూడా ఉంది. అయినా ఆ తీర్పు చదివినవాడు ఎవడూ బైలాస్‌ని ఉత్త కాగితం అనుకోలేడు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. రసూలుల్లాహ్ మదీనా వెళ్ళిన కొత్తలో అక్కడివాళ్ళందరి మధ్య ఒక ఒప్పందం రాయించారు, మీసాక్-ఎ-మదీనా అంటాం. మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లు, ఊళ్ళోవాళ్ళైన అన్సార్లు, యూదు కబీలాలు, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. ఎవరి దీన్ వాళ్ళది, ఊరి కాపలా అందరిది, తకరారొస్తే ఎక్కడికి రావాలో అదీ ఉంది. చిన్నప్పుడు మద్రసాలో అది మాకు సియాసత్ పాఠంలా చెప్పారు. ఇప్పుడు చూస్తే అది మొహల్లా కాగితం. అది రాయించినవారు కూడా ఊరికి కొత్తగా వచ్చినవారే.

తర్వాతి ఆదివారం పది నిబంధనలు చదివి ఆగాను. పదకొండోది నేనే రాశాను, నేనే కొట్టేయమంటున్నాను అన్నాను. ఎందుకో చెప్పాను. ముసలమ్మ సంగతి, బోర్డుల సంగతి. ఎండు చేపల సంగతి చెప్తే నవ్వారు. గార్డు గారు నవ్వలేదు. నిజంగానే నొచ్చుకున్నారు.

"మిమ్మల్నెవరన్నారు భాయ్? మీరు మావాళ్ళు."

"మీవాళ్ళవ్వడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది గార్డు గారూ. ఈ కాగితం మొదటి రోజే అడుగుతుంది."

"మరి నా నిద్ర సంగతేటి? మా ఆవిడకి బీపీ. మీ ఇల్లు ఆ చివర, మీకేటి తెలుస్తది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆయన బాధ నేను ఒక్క రాత్రి కూడా వినలేదు. అందుకే ఆ రోజు ఓటు వద్దన్నాను. మాష్టారూ నేనూ రెండు రాత్రులు గార్డు గారి వరండాలో కూర్చున్నాం. చప్పుడు నిజమే. కుర్రాళ్ళతో మాట్లాడితే, అద్దె పెంచుతారని భయపడి మీటింగుకి రాలేదన్నారు. వాళ్ళకీ ఇంటికొక ఓటుందని ఎవరూ చెప్పలేదట. అంటే నేను చెప్పలేదు.

కొత్తగా రాసింది ఇది. అద్దెకొచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు వారంలోపు యజమాని కార్యదర్శికి తెలియజేయాలి, అనుమతి అక్కర్లేదు. రాత్రి పది దాటాక వీధి మొదట్లోనే బండి ఇంజను ఆపి నడిపించుకు రావాలి, సొంత ఇంటివాళ్ళైనా సరే. ఫిర్యాదు చేసిన పని మీద ఉండాలి, మనిషి ఎవరన్నదాని మీద కాదు. వచ్చిన ఇరవై ఎనిమిదిళ్ళలో పంతొమ్మిది సరే అన్నాయి, తొమ్మిది కాదన్నాయి. షావుకారు కాదన్నవాళ్ళలోనే ఉన్నారు. గార్డు గారు చెయ్యెత్తలేదని కాదు, కాదనడానికి గట్టిగానే ఎత్తారు. తర్వాత మూడు నెలలు మీటింగుకి రాలేదు. చందా మాత్రం మొదటి తారీఖునే మనవడి చేత పంపిస్తున్నారు. కార్యదర్శిని కాబట్టి రశీదు నేనే రాస్తాను. మనవడి చేతిలో పెడుతూ తాతయ్యకి సలాం చెప్పమంటాను. చెప్తున్నాడో లేదో.

ఒక సంగతి నన్ను ఇంకా తినేస్తోంది. ఆ కాగితం నేను పైకి చదవకుండా ఫైల్లో పెట్టేసి ఉంటే? నేను రాసిన వాక్యంలో కుటుంబం ఉంటే చాలు అని ఉండి, అలవాట్లన్న మాట లేకపోయి ఉంటే? అప్పుడది ఆ ఎనిమిది మంది కుర్రాళ్ళకే తగిలేది, నాకు తగిలేది కాదు. అప్పుడు నేను లేచేవాణ్ణా? లేచేవాణ్ణి కాదేమో.

సంఘం రిజిస్టరైంది. సర్టిఫికెట్ మాష్టారింటి బీరువాలో ఉంది. మొదటి ఏడాది లెక్కల తనిఖీకి చీటీలు వేశాం. షావుకారి మనవరాలు స్టీలు బిందెలో చెయ్యి పెట్టి రెండు తీసింది. ఒకటి ఒంటరిగా ఉండే టీచరమ్మ ఇల్లు. రెండోది కుర్రాళ్ళ మేడ పోర్షన్. వాళ్ళలో ఒడిషా అబ్బాయి ఒకడు నోటుబుక్కు తీసుకెళ్ళి, ఫోన్‌లో లెక్కలన్నీ కొట్టి, మూడో రోజు సాయంత్రం మా ఇంటికొచ్చాడు. వచ్చీ రాని తెలుగులో, "అంకుల్, పెట్టెలో నలభై రూపాయలు ఎక్కువున్నాయి" అన్నాడు. ఇద్దరం కూర్చుని మొదట్నుంచి వెతికాం. ఆగస్టు మీటింగు టీ ఖర్చు నేను రెండుసార్లు రాశాను.